తవుడు ముట్టలేదు

ఉదయగిరి,
8 జూలై 2024.

చిరంజీవి సౌభాగ్యవతి అశ్వితకు నాయన చంద్రమోహన్ ఆశీర్వదించి రాయునది.

విషయము: రాబోవు శిశువును గురించిన ముందస్తు ఏర్పాట్లు.

ఇక్కడ పొద్దున బస్సెక్కిన మనిషి మధ్యాహ్నం భోజనానికి ఆత్మకూరులో ఉంటాడు. ఉత్తరం మూడో రోజుకు గాని చేరదు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. నా చెవులు రెండూ పనిచేయడం మానుకొని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో హెడ్ గుమాస్తా ఉద్యోగాన్ని నా చేత ముందుగానే వదిలించిన సంగతి నీకు తెలుసు. ఫోనులో నువ్వు మాట్లాడితే దూరంగా దోమ మాట్లాడినట్లుంటుంది. వాట్సాప్ సందేశానికి సంతకం ఉండదు గనుక దాన్ని నేను గుర్తించను.

రెండేళ్ళ కిందట ఈ ఇంట్లో జరిగినదాన్ని తిరగరాయబోను. పురిటి మైల కూడా తీరకముందే నీ తొలి బిడ్డ మన ఉయ్యాలలోనే వెళ్ళిపోయాడు. ఆ కారణంగా ఈసారి పురుడు పుట్టింట్లో గాక అత్తగారింట్లో జరగాలని పెద్దలు తీర్మానించగా నేను ఆమోదించాను. మీ అమ్మ నెలాఖరుకు అక్కడికి బయలుదేరి వస్తుంది.

నువ్వు పాటించవలసినవి రాస్తున్నాను. బిడ్డ కోసం ముందుగా ఏదీ కొనవద్దు. కొత్త చొక్కా కొంటే, ఎవరో రాబోతున్నారని ఊరంతా టముకు వేసినట్లే. నా పాత పంచెలు, మీ అమ్మ నూలు చీరలు చింపి, ఉతికించి పొత్తిగుడ్డలు పంపుతున్నాను. బిడ్డను గురించి బయట మాట్లాడవద్దు, ఎక్కడా రాయవద్దు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయి. ఖాళీ ఉయ్యాల ఊపవద్దు.

ఉయ్యాల విషయం వచ్చింది గనుక చెబుతున్నాను. కొండకింద చెక్కపనివాళ్ళు మా తాత కాలంలో చేసిచ్చిన మన ఉయ్యాలకు గొలుసులు తుప్పు పట్టాయి. వాటికి నూనె పట్టించి, బరువు ఆపుతాయో లేదో చూడడానికి దూలానికి తగిలించాను. కాస్త ఊపి చూస్తుండగా మీ అమ్మ వచ్చింది. "ఏంది మనిషివి నువ్వు? ఎవురు పండుకోవాలని ఊపుతుండావు దాన్ని?" అన్నది. నా అంత చెవిటివాడికీ ఆ మాట వినబడింది.

ఇక ముఖ్యమైన అంశం. ఒక బిడ్డ పోయిన తరువాత పుట్టే బిడ్డను తల్లిదండ్రులు తమదని చెప్పుకోకూడదు. చేటలో వేసి గడప అవతల పెట్టాలి. వేరొక ఆమె వచ్చి ఎత్తుకొని "ఇది నా బిడ్డ" అనాలి. అప్పుడు తల్లిదండ్రులు ఆమె చేతిలో దోసెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కోవాలి. ఆ తరువాత బిడ్డ కోసం ఎవరైనా వస్తే, ఈ ఇంట్లో పుట్టిన బిడ్డ లేదు, కొన్న బిడ్డ మాత్రమే ఉందని చూసుకొని వెనక్కి పోతారు. మన వీధి చివర ఉండే నాగులమ్మ అవ్వ నా చిన్ననాటి నుంచీ ఈ పని నిర్వహిస్తున్నది. నాకు ముందు పుట్టిన ఇద్దరు నిలవలేదు గనుక నేనూ ఆమె వద్ద కొన్న సరుకునే. ఇప్పటికీ నన్ను "ఏరా తవుడా" అనే పిలుస్తుంది. చెవులు మినహా సరుకు ఈనాటికీ చెడిపోలేదని మనవి.

అవ్వ బిడ్డను చూసేటప్పుడు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో తక్కెడ ముల్లును చూసినట్లు చూస్తుంది. బెదిరిపోవద్దు. అది ఆమె పద్ధతి.

క్షేమంగా ఉన్నానని ప్రస్తుతానికి ధ్రువీకరిస్తూ,
మీ నాయన.


ఆత్మకూరు,
14 జూలై 2024.

నాయనకు అశ్విత నమస్కారాలు.

మీ ఉత్తరం అందినది, విషయం గమనించడమైనది, పొయ్యిలో వేయడమైనది.

మీ అల్లుడు పెంచలప్రసాద్ తన ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాడు. కడుపులో బిడ్డ ఎంతుందో అది వారం వారం కూరగాయలతో పోల్చి చెబుతుంది. మొన్నటి దాకా వంకాయ, ఇప్పుడు కర్బూజ. మా అత్త రోశమ్మ వినీ వినీ, "కడుపులో బిడ్డ ఉండాదా, శనివారం సంత ఉండాదా?" అని అడిగింది. ఆయన దొంగచాటుగా కొన్న రెండు చిన్న మేజోళ్ళు స్కూటరు డిక్కీలో బయటపడ్డాయి. అత్త వాటిని పాలు పిండేటప్పుడు బర్రెదూడ మూతికి తొడిగింది. వృథా కాలేదు.

చేట సంగతి నేను పనిచేసే సచివాలయంలో తెలిస్తే నవ్వుతారని మొదట సంకోచించాను. పోయినసారి ప్రతి పరీక్షా చేయించుకున్నాను, ప్రతి మాత్రా మింగాను. ఎవరిదీ తప్పు లేదని డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకొని చెప్పింది. తప్పు ఎవరిదీ కానప్పుడు ఎవరిని పట్టుకొని అడగాలో తెలియక రెండేళ్ళు గడిపాను. ఈసారి బిడ్డ నిలిస్తే చాలు నాయనా. తవుడిచ్చి కొనమంటే కొంటాను, ఊకిచ్చి కొనమన్నా కొంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

పొత్తిగుడ్డలు అందాయి. ఎన్నిసార్లు ఉతికినా తవుడు వాసన పోవడం లేదు. వడ్ల బస్తాల మీద ఆరవేశారా?

దయచేసి ఆ ఉయ్యాలను దూలం నుంచి దించండి. అది అక్కడ వేలాడుతున్నదని తెలిసినప్పటి నుంచి నేను ఎడమ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నాను. ఉదయగిరి నాకు అటు పక్కనే ఉంది.

కర్బూజతో సహా,
మీ అశ్విత.


ఉదయగిరి,
16 ఆగస్టు 2024.

చిరంజీవి అశ్వితకు ఆశీస్సులు.

ఆడపిల్ల పుట్టిందనీ, ఇద్దరూ ఈ రోజే ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తున్నారనీ మీ అమ్మ పక్కింటివాళ్ళ ఫోనుకు తెలియజేసింది. పాప ఫోటో కూడా చూపించబోయారు. చూడలేదు. చేటలో వేయని బిడ్డను తాత చూడకూడదు.

నాగులమ్మ అవ్వకు చెప్పి, తవుడు సంచితో బస్సెక్కిద్దామని పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళాను. తలుపుకు తాళం ఉంది. తొలి బస్సుకే ఆత్మకూరు వెళ్ళిందని పక్కవాళ్ళు సైగ చేశారు. పాప పుట్టిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ చెప్పి ఉంటుందని భావిస్తున్నాను.

కనుక తవుడును రెండో బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. కొన్న తవుడు కాదు. మన చేలో పండిన వడ్లు నేను దగ్గరుండి మిల్లు ఆడించినది. బిడ్డను గురించి ఎక్కడా రాయరాదన్న నిబంధన మేరకు సంచి మీద "రోశమ్మ గారి ఇంటికి" అని మాత్రమే రాశాను. అవ్వ చేతిలో పోసి, "ముట్టింది" అన్న మాట ఆమె నోటి వెంట వచ్చేదాకా వదలవద్దు.

ఉయ్యాలను కూడా అదే బస్సుకు వేయబోయాను. అది ప్రయాణికురాలా, సామానా అన్నది కండక్టరు తేల్చుకోలేకపోయాడు. తిరిగి తెచ్చి దూలానికే తగిలించాను.

తాత హోదాలో మొదటిసారి సంతకం చేస్తూ,
చంద్రమోహన్.


ఆత్మకూరు,
17 ఆగస్టు 2024.

నాయనకు నమస్కారాలు.

నిన్న జరిగినది జరిగినట్లు రాస్తున్నాను. మేము ఆటో దిగేసరికి అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. అమ్మ నన్ను చూసింది, నేను అమ్మను చూశాను. ఇద్దరమూ కబురు పంపలేదు. మీరు పంపి ఉంటారనుకున్నాము.

అత్త చేట తెచ్చి గడప అవతల పెట్టింది. అందులో నా బిడ్డను పడుకోబెట్టి నేను లోపలికి వచ్చాను. ఆ రెండడుగులు ఎలా వేశానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. వెనక్కి తిరిగి చూడకూడదన్నారు. పాప ఏడుపు వినబడుతున్నది. ఉన్నట్టుండి ఆగింది. తిరిగి చూస్తే అవ్వ ఎత్తుకొని ఉంది, ఒక కన్ను మూసుకొని. "ఇది నా బిడ్డ," అన్నది. ఆ మాట ఏదో తంతు కోసం అన్నట్లు లేదు నాయనా. తప్పిపోయిన గొడ్డు దొరికినప్పుడు అన్నట్లుంది.

అప్పుడు తెలిసింది, మా దగ్గర మీ తవుడు లేదని. అత్త కొట్టంలోంచి బర్రెకు కొన్న తవుడు తేబోయింది. అవ్వ ఒప్పుకోలేదు. "కొన్న తవుడు చెల్లదు. పుట్టింటి వడ్ల తవుడే కావాల. తవుడాయన యాడికి పోతాడు, ఊరికి పోయినాక తీసుకుంటాలే. అందాకా నా బిడ్డను మీరు సాకండి," అని పాపను నా ఒడిలో పెట్టి, కాఫీ కూడా తాగకుండా మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది.

కాబట్టి తవుడు మీరే ఆమెకు అక్కడ ఇచ్చేయండి. వెంటనే.

పాప బాగుంది. నా బొటనవేలు పట్టుకుంటే వదలదు.

ఇంకా అమ్మ అని సంతకం చేయవచ్చో లేదో తెలియని,
అశ్విత.


ఉదయగిరి,
2 సెప్టెంబరు 2024.

చిరంజీవి అశ్వితకు ఆశీస్సులు.

నీ ఉత్తరం సకాలంలో అందింది. నేను పంపిన సంచి అదే రోజు సాయంత్రం మీ ఇంట్లో దింపినట్లు డ్రైవరు చేతులతో చూపించి చెప్పాడు. నువ్వు ఉత్తరం రాసిన తరువాత ఆ సంచి చూసి, మీరే ఎవరి చేతనో అవ్వకు పంపి ముట్టజెప్పి ఉంటారని నేను నిర్ధారణకు వచ్చాను.

ఆ మరునాడు అవ్వ మన గుమ్మం ముందుకు వచ్చి కొంగు పట్టి నిలబడింది. పాప పుట్టినందుకు తీపి అడుగుతున్నదని గ్రహించి కొంగులో లడ్లు వేశాను. ఆమె వాటిని చూసి, నన్ను చూసి, చాలాసేపు ఏదో చెప్పింది. వినబడకపోయినా మర్యాద కొద్దీ తల ఊపాను. లడ్లు గడప మీదనే పెట్టి నవ్వుకుంటూ పోయింది. పళ్ళు లేవు గదా అనుకున్నాను.

అవ్వ పోయిన గురువారం కాలం చేసిందని తెలియజేయుటకు విచారిస్తున్నాను. మంచం పట్టలేదు, అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్లే. కొండకింద పూడ్చిపెట్టాము. నాతో సహా ఆమె వద్ద కొన్న సరుకంతా హాజరైంది. మోసేవాళ్ళకు కొదవ లేదు.

ఇంకొక స్వల్ప విషయం. సాయంత్రం కొండ మీది దుర్గం నీడ మన వీధి మీద పడే వేళకు నడవలో ఉయ్యాల గొలుసు శబ్దం వస్తున్నది. మొదట గాలి అనుకున్నాను. తలుపులు మూసినా వస్తున్నది. ఎలుక అనుకున్నాను, ఎలుక అంత నిదానంగా ఊపదు. ఇందులో పరిశీలించదగినది ఒక్కటే: పక్కన పిడుగు పడినా వినబడని నాకు ఆ శబ్దం వినబడుతున్నది. ఖాళీ ఉయ్యాల ఊగరాదు గనుక రోజూ చేత్తో పట్టి ఆపుతున్నాను. ఆపుతుంటే కాస్త బరువుగా ఉంటుంది.

పాప బరువు ఎంత పెరిగిందో రాయవలెను.

మీ నాయన.


ఆత్మకూరు,
8 సెప్టెంబరు 2024.

నాయనా,

పాప బరువు పెరగలేదు. తగ్గింది.

ఆశా కార్యకర్త తూచి, ముల్లు చూసి, తక్కెడ చెడిపోయిందేమోనని ఇంకొకటి తెచ్చింది. డాక్టరమ్మకు చూపించాము. జబ్బేమీ లేదన్నది, మళ్ళీ అదే మాట, మళ్ళీ నా చెయ్యి పట్టుకొని. పాప నా పాలు తాగడం లేదు. నోటికి అందిస్తే మొహం తిప్పుకుంటుంది, కడుపు నిండిన బిడ్డ తిప్పుకున్నట్లు. పెదవుల మీద పాలు ఉంటాయి. నావి కావు. అమ్మ వేలితో తుడిచి వాసన చూసి చీర కొంగు నోట్లో కుక్కుకున్నది.

దీపాలు పెట్టే వేళకు పాప ఏడుస్తూ ఏడుస్తూ ఆగిపోతుంది. గడప వైపు చూసి నవ్వుతుంది. వెంటనే నిద్రపోతుంది. కళ్ళు మూసుకున్న పాప తల ఇటూ అటూ మెల్లగా కదులుతుంటుంది, ఎవరో ఊపుతున్నట్లు. ఇక్కడ మేము ఇంకా ఉయ్యాల కట్టలేదు. పాప చాప మీద ఉంది. కాసేపటికి ఎవరో పట్టి ఆపినట్లు తల ఆగుతుంది, కెవ్వున లేస్తుంది. మీ ఉత్తరం చదివిన తరువాత, ఆ పట్టి ఆపేది ఎవరో నాకు తెలిసింది. నాయనా, ఇక ఆపవద్దు.

ఇక తవుడు. నేను సంచి చూడలేదు, అమ్మ చూడలేదు. మా అత్తను అడిగాను.

"సంచా? రోశమ్మకని రాసుంటే మా బర్రెకే పంపినాడనుకున్నా. వియ్యంకుడు ఎంత గ్యానమున్న మనిషి అని మెచ్చుకున్నా గూడా. శుభ్రంగా తినింది," అన్నది. తరువాత నా మొహం చూసి, "ఏందమ్మీ, ఏమైంది?" అని అడిగి, నేను చెప్పింది విని, చేతిలో ఉన్న పాల చెంబు పెరట్లో కుమ్మరించింది. ఆ పూట ఇంట్లో ఎవరమూ పాలు తాగలేదు.

అవ్వ మీ గుమ్మం ముందు కొంగు పట్టింది లడ్ల కోసం కాదు. తవుడు ముట్టలేదు నాయనా. నా బిడ్డ ఇంకా ఆమె పేరు మీదనే ఉంది. ఆమె ఊపుతున్నది, ఆమే పాలిస్తున్నది. నేను సాకుతున్నాను, అంతే.

అశ్విత.


ఉదయగిరి,
14 సెప్టెంబరు 2024.

అమ్మా అశ్వితా,

పొరపాటు నాది. విచారణ అనవసరం.

నీ ఉత్తరం అందిన గంటలోనే మన వడ్ల తవుడు దోసెడు విస్తరాకులో పోసి అవ్వ గడప మీద పెట్టాను. అవ్వ పెంచిన కోళ్ళు ఇంకా ఆ వీధిలోనే తిరుగుతున్నాయి. ఆకు దాకా వచ్చి, మెడ చాచి చూసి, పక్క నుంచి పోయాయి. చీమలు బారు కట్టి ఆకు చుట్టూ తిరిగి పోయాయి. మూడు రోజులుగా తవుడు పోసినట్లే ఉంది. గ్రహీత లేరన్న కారణంతో తిరస్కరించబడినట్లు భావించాను. ఉయ్యాలను ఆపడం మానేశాను. ఎదురుగా పీట వేసుకొని కూర్చుంటున్నాను. తాతగా అంతకు మించి చేయగలిగినది తోచలేదు.

విక్రయించే మనిషి పోతే ఆమె వారసుల వద్ద కొనుక్కోవడం రివాజు. విచారించాను. ఆమెకు మొగుడు ఏనాడో పోయాడు, కడుపున ఎవరూ పుట్టలేదు, అన్నదమ్ములు లేరు. ఊళ్ళో ఆమె "నా బిడ్డ" అని ఎత్తుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాము. కాని మేమంతా తవుడు చెల్లించి విడుదలైనవాళ్ళం; మాకు హక్కు లేదు. చెల్లింపు జరగకుండా ఆమె బిడ్డగానే మిగిలినది లోకంలో ఒక్కతే. కాబట్టి నాగులమ్మ అవ్వకు ఏకైక సంతానం, ఏకైక వారసురాలు నీ కూతురే.

ఈ మాట రాసి, కలం పక్కన పెట్టి, కాసేపు నడవలో తిరిగి వచ్చాను. ఇందులో దోషం కనబడలేదు. సర్వీసంతా దస్తావేజులు చదివినవాణ్ణి. దోషం ఉంటే కనబడి ఉండేది.

అందుచేత తవుడు పాప చేతిలోనే పోయాలి. అవ్వ హక్కు ఆమెకు సంక్రమించాలంటే అవ్వ పేరు ఆమెకు పెట్టాలి. మీ ఇద్దరూ ఫోనులో వెతికి వేరే పేరు అనుకున్నారని మీ అమ్మ కబురు చేసింది. నేను బలవంతం చేయను. తొందర చేయమని మాత్రం కోరుతున్నాను. నిన్న సాయంత్రం ఉయ్యాల మరికాస్త బరువుగా ఊగింది.

మీ నాయన.


ఆత్మకూరు,
19 సెప్టెంబరు 2024.

నాయనకు,

ఆయన ఆ పేరు కోసం నాలుగు నెలలు వెతికాడు. మీ ఉత్తరం చదివి వినిపించాను. "బతికిన తరువాత ఇస్కూల్లో ఏ పేరైనా రాయించుకోవచ్చు, ముందు బతకనీ" అని యాప్ తీసేశాడు.

ఉయ్యాల తీసుకొని రండి. కండక్టరు అడిగితే ప్రయాణికురాలనే చెప్పండి.

అశ్విత.


ఉదయగిరి,
9 అక్టోబరు 2024.

చిరంజీవి అశ్వితకు, చిరంజీవి నాగులమ్మకు ఆశీస్సులు.

అందరమూ అక్కడే ఉండి కళ్ళారా చూసినదే అయినా, కాగితం మీద లేనిది జరగనట్లేనన్న నమ్మకం కొద్దీ రాసి పంపుతున్నాను. ఈసారి దీన్ని పొయ్యిలో వేయవద్దు.

పాపను నేను తెచ్చిన ఉయ్యాలలో వేసి, మేనత్త లేనందున మీ అత్తే చెవిలో పేరు పిలిచింది. పాప దోసిలి దోసెడు తవుడుకు సరిపోనందున చిటికెడు పోశాను. నువ్వు గడప అవతల నిలబడి, "అమ్మా నాగులమ్మా, నీ బిడ్డను నాకిస్తావా?" అని అడిగావు. నీ గొంతు నాకు వినబడలేదు, పెదవులు చూశాను. పాప ఎడమ కన్ను మూసి నిన్ను చూసింది. పిడికిలి బిగించింది. దీన్ని అందరమూ సమ్మతిగా స్వీకరించాము. పాలకు ఏడ్చిన తరువాత పిడికిలి విప్పి చూస్తే చెయ్యి శుభ్రంగా ఉంది. తవుడు నేల మీద లేదు, గుడ్డలో లేదు. నీ పాలు తాగుతూ పాప చేసిన చప్పుడు గురించి మీ అమ్మ నాకు చేతులతో చెప్పింది.

ఇంటికి తిరిగి వస్తూ అవ్వ గడప చూశాను. విస్తరాకు ఖాళీగా ఉంది. కోళ్ళు ముక్కులు తుడుచుకుంటున్నాయి.

నడవలో దూలానికి కొక్కెం మాత్రం మిగిలింది. ఇప్పుడు నాకు ఏ శబ్దమూ వినబడడం లేదు. ఇంత సంతోషంగా చెవిటితనాన్ని నేను ఎన్నడూ అనుభవించలేదు.

కొన్న సరుకుల జాబితాలో తోటి సరుకు,
తాత చంద్రమోహన్.


ఆత్మకూరు,
20 ఏప్రిల్ 2025.

నాయనకు అశ్విత నమస్కారాలు.

మీ మనవరాలికి రెండు పళ్ళు వచ్చాయి. ఉగ్గు పెడితే సగం తిని సగం నా మొహాన ఊదుతుంది. బరువు చూసిన ఆశా కార్యకర్త ఈసారి కూడా తక్కెడను అనుమానించింది, ఎక్కువ తూగుతున్నదని. నేను మళ్ళీ ఆఫీసుకు పోతున్నాను. వాళ్ళ నాయన పాకే బిడ్డకు మేజోళ్ళు తొడుగుతాడు, ఆమె ఊడబెరికి బర్రెదూడకు ఇస్తుంది. అంతా సవ్యంగా ఉంది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి చెప్పడానికే రాస్తున్నాను.

మా అత్త నోరు మీకు తెలుసు. సంతలో ఎవరితో ఏం చెప్పిందో గాని, మొన్న అనంతసాగరం నుంచి సుజాత అని ఒక ఆమె ఆటోలో వచ్చింది. చేతుల్లో పసిబిడ్డ, వెనక ఆమె తల్లి, తల్లి చంకలో చేట. వాకిట్లో నిలబడి, "నాగులమ్మ ఉండే ఇల్లు ఇదేనా అక్కా?" అని అడిగింది. ఆమెకు ఇద్దరు పోయారట. నేను కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె మొహం చూసి మూసుకున్నాను. ఆ మొహం నేను అద్దంలో రెండేళ్ళు చూసినదే.

"అమ్మా, మా పాపకే ఇంకా నడక రాలేదు," అన్నాను.

"ఎత్తుకోవద్దులే అక్కా. ఒక్కసారి తాకితే చాలు," అన్నది.

చేట గడప అవతల పెట్టారు. ఆ బిడ్డ గుక్క పట్టి ఏడుస్తున్నది. మన పాప నడవలో గరిటెతో ఆడుకుంటున్నది. గరిటె కింద పెట్టింది. పాక్కుంటూ గడప దాకా వచ్చింది. ఎడమ కన్ను మూసింది. చేటలో చెయ్యి పెట్టింది. ఏడుపు ఆగింది. మన పాపకు ఇంకా మాటలు రాలేదు నాయనా. అత్త, అవ్వ అన్న ఆ మాటే తనకు వినబడిందంటున్నది, నాకు వినబడలేదని నేను అంటున్నాను.

సుజాత చిన్న సంచి విప్పి తవుడు పోసింది. మన పాప పిడికిలి బిగించలేదు. చెయ్యి చాచినట్లే ఉంచింది. తవుడంతా వేళ్ళ సందుల్లోంచి నేల మీదికి జారిపోయింది. సంచి చూశాను. అంగడిలో కొన్నది. పుట్టింటి వడ్ల తవుడు తీసుకొని రమ్మని చెప్పి పంపించాము. వస్తానని పోయింది. ఫోను నంబరు ఇచ్చింది. అది మోగుతున్నది, ఎవరూ ఎత్తడం లేదు. ఆయన స్కూటరు మీద అనంతసాగరం పోయి ఉన్నాడు, ఇల్లు వెతకడానికి.

అవ్వ హక్కు పాపకు సంక్రమిస్తుందని మీరు రాశారు. హక్కుతో పాటు ఇంకేమి సంక్రమిస్తుందో మీరు రాయలేదు, నేను అడగలేదు. ఆ రోజు అడిగి ఉన్నా ఒప్పుకొనే ఉండేదాన్ని.

ఇది రాస్తున్నప్పుడు మన పాప నా పక్కనే నేల మీద కూర్చొని నా చెప్పు కొరుకుతున్నది. దీపాలు పెట్టే వేళ అయింది. వెనక నడవలో మన ఉయ్యాల ఖాళీగా ఊగుతున్నది, నిదానంగా, బరువుగా. ఖాళీ ఉయ్యాల ఊపవద్దని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు. మేమెవరమూ ఊపడం లేదు.

ఆపడమూ లేదు. ఆపితే అక్కడ ఆ బిడ్డ నిద్ర లేస్తుంది.

నాగులమ్మ అమ్మ,
అశ్విత.